గడుల్లో పట్టని పద్యాలు

పాత కంప్యూటర్ ఇక లేవదని తేలిపోయాక కొత్తది కొనుక్కున్నాను. కొన్న రోజే అందులో వేసుకున్నది నా వయసు ఆడవాళ్ళు ఎవరూ వేసుకోని వస్తువు, సంగీతం రాసుకునే సాఫ్ట్‌వేర్. ఉచితంగానే దొరుకుతుంది, ఎప్పుడూ ఉచితంగానే దొరికేది. తెర మీద ఐదు గీతలు రాగానే ఒక గడిలో రెండు స్వరాలు మాత్రం పెట్టి, ఆ గడికి తాళం లెక్క వద్దని చెప్పి చూశాను. అది మారు మాట్లాడకుండా ఒప్పుకుంది. విరామం గుర్తు వేయలేదు, తప్పు అనలేదు, ఎర్రరంగు చూపలేదు. దీనికోసం ఒకప్పుడు నేను పడిన తంటాలు తెలిసినవాళ్ళు ఎవరైనా పక్కన ఉంటే సంతోషించి ఉండేవాళ్ళేమో, నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇంత తేలిక పనిని ఇన్నేళ్ళు ఆలస్యంగా చేసి, ఇప్పుడు ఎవరి కోసం వచ్చావే అని ఆ తెరను అడగాలనిపించింది.

తొంభైల చివర నేను మదనపల్లె బస్టాండుకు దగ్గరలో ఒక చిన్న డీటీపీ సెంటర్ నడిపేదాన్ని. మన ఈడువాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి, కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు విడిచి రావాలనీ, దుమ్ము పడకుండా దానికి గుడ్డ కప్పాలనీ, గుళ్ళో విగ్రహానికి చేసినన్ని మర్యాదలు చేసేవాళ్ళం. టమోటా మండీల చీటీలు, పట్టుగూళ్ళ వ్యాపారుల బిల్లు పుస్తకాలు, పెళ్ళి పత్రికలు, చావు పత్రికలు, ఇవే నా పని. తెలుగు అక్షరాలు ఒక ఫాంటులో కొడితే ఇంకో కంప్యూటర్‌లో చీమల బారులాగా కనిపించే కాలం అది. అయినా ఆ పెట్టెతో కాని పని లేదని నాకు గట్టి నమ్మకం ఉండేది, ఊళ్ళో వాళ్ళకు నాకంటే ఎక్కువ నమ్మకం ఉండేది.

పుంగనూరులో మా మేనమామ ఉండేవాడు. భారతానికి హార్మోనియం వాయించడం ఆయన వృత్తి. మా వైపు భారతం అంటే పుస్తకం కాదు. ఎండాకాలంలో ఊరు ఊరంతా పూనుకుని జరుపుకునే ఉత్సవం. పగలు హరికథ, రాత్రి నాటకం, చివరి రోజు పొలంలో కొండంత మట్టి దుర్యోధనుణ్ణి పడుకోబెట్టి, భీముడి వేషగాడూ దుర్యోధనుడి వేషగాడూ దాని చుట్టూ తిరుగుతూ పద్యాలు పాడి యుద్ధం చేసి, తొడ మీద దెబ్బ పడేదాకా జనం ఎండలో నిలబడి చూడడం. ఇరవై ఊళ్ళు తిరిగి ఆ నాటకాలు ఆడే మేళంలో అందరూ మామయ్యను పేరు పెట్టి కాక పెట్టె ఆయన అనేవాళ్ళు. ఆ హార్మోనియం పెట్టె కూడా పాతదే, శృతి కోసం లాగే బుడిపెలు ఎప్పుడో ఊడిపోయాయి. మెట్ల మీద వేలు ఉంటేనే దానికి నోరు, వేలు తీస్తే మూగది.

చిన్నప్పుడు సెలవులకు పుంగనూరు వెళ్ళినప్పుడు ఆయన దగ్గర కూర్చుని నేనూ కాస్త నేర్చుకున్నాను. స్వరాలు పట్టుకోవడం వచ్చింది కానీ ఆయనకున్న అసలు విద్య నాకు రాలేదు, ఎవరికీ రాలేదు. వేషం రంగం మీద నిలబడి ఉన్నంతసేపూ పెట్టె శబ్దం తెగకూడదన్నది ఆయన నియమం. పద్యానికి తాళం ఉండదు కదా, పాడేవాడు ఎక్కడ సాగదీస్తాడో ఎక్కడ ఊపిరి అందక ఆగుతాడో అతనికే తెలియదు. మామయ్య అతని గొంతు వైపు కాక ఎదురొమ్ము వైపు చూస్తూ వాయించేవాడు. మనిషి ఊపిరి తీసుకోబోతున్నాడని తెలియగానే ఆ చివరి స్వరాన్ని పట్టుకుని, గాలి తిత్తి కాస్త గట్టిగా ఆడించి, అతను తేరుకునేదాకా అలాగే నిలిపేవాడు. కింద కూర్చున్న జనానికి పాట ఆగినట్టే తెలిసేది కాదు.

ఈ ఆసరాతోనే బతికిన మనిషి దుర్యోధనుడి వేషగాడు. పెద్దమండ్యం వైపు మెట్ట ఊళ్ళో గొర్రెలు మేపుకునే రైతు, ఆరడుగుల మనిషి, కిరీటం పెట్టుకుంటే పందిరికి తగిలేవాడు. యాభై దాటాక ఆయనకు ఉబ్బసం పట్టుకుంది. మామూలుగా నడిచినా ఈల వేసినట్టు ఎదురొమ్ము కూసేది. అయినా ఆ తర్వాత ఎన్నో ఎండాకాలాలు ఆయన దుర్యోధనుడిగా మైకు ముందు గర్జించాడంటే, పక్కన మామయ్య పెట్టె ఉండబట్టే. ఈ సంగతి వాళ్ళిద్దరికీ తెలుసు, మా అత్తమ్మకు తెలుసు, నాకు తెలుసు. జనానికి ఎప్పటికీ తెలియకూడదన్నదే వాళ్ళిద్దరి స్నేహంలోని పట్టుదల.

ఒక కార్తీకంలో మామయ్యకు పక్షవాతం వచ్చింది. మదనపల్లెకు తెచ్చి ఆసుపత్రిలో చూపించాం కానీ కుడి వైపు పడిపోయింది, మాట ముద్దగా అయిపోయింది. ఎడమ చెయ్యి మాత్రం మిగిలింది. హార్మోనియం తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, కుడి చెయ్యి మెట్ల మీద ఆడుతుంది, ఎడమ చెయ్యి తిత్తి ఆడిస్తుంది. దేవుడు ఆయనకు గాలి ఇచ్చే చెయ్యి వదిలిపెట్టి పాట ఇచ్చే చెయ్యి తీసుకున్నాడు. ఆ చలికాలమంతా ఆయన మంచం మీద పడుకుని ఎడమ చేత్తో దుప్పటి అంచును ముందుకూ వెనక్కూ ఆడిస్తూ ఉండేవాడు, చూసినవాళ్ళు తెలివి తప్పిందనుకున్నారు. ఏ పద్యం దగ్గర ఉన్నాడో అత్తమ్మ ఆ ఊపు చూసి చెప్పేది.

ఎండాకాలానికి మేళం ఒప్పుకున్న ఊళ్ళు ఉన్నాయి, పెట్టె వాయించేవాడు లేడు. చివరికి కుప్పంలో ఉండే అత్తమ్మ తమ్ముడు ముందుకొచ్చాడు. నాకు వరసకు చిన్నాయన. బంగారు గనుల ఊళ్ళో ఒక ఆర్కెస్ట్రాలో చాలా ఏళ్ళు కీబోర్డు వాయించి, గనులు చల్లబడ్డాక ఇంటికి వచ్చేసిన మనిషి. మంచివాడు, పని మీద భక్తి ఉన్నవాడు. కానీ ఆయన నేర్చుకున్నదంతా దొరల పద్ధతిలో, ఎదురుగా ఐదు గీతల కాగితం ఉంటే ఎలాంటి పాటైనా వాయిస్తాడు, లేకపోతే చేతులు కట్టుకుని కూర్చుంటాడు. అందుకే ఆయన మొదట అడిగిన మాటే అది. “కాయితం మీద ఉంటే సాలు, మిగతాది నేను సూసుకుంటా” అన్నాడు.

టేపులో పట్టుకోలేకపోయారా అని మీరు అడుగుతారు. పట్టుకున్నాం. పాత నాటకాలప్పుడు ఎవరో పట్టిన క్యాసెట్లలో జనం గోల, జనరేటర్ మోత తప్ప పెట్టె వినపడదు. పక్షవాతం వచ్చాక మామయ్య చేత పాడించి పట్టిన క్యాసెట్ విని చిన్నాయన తల పట్టుకున్నాడు, ఆ ముద్దగొంతులో ఏది స్వరమో ఏది మూలుగో ఆయన చెవికి తెలియలేదు. నాకు తెలిసేది, చిన్నప్పటి నుంచి విన్నాను కనుక. కాబట్టి మామయ్య పాడాలి, నేను వినాలి, విన్నది ఐదు గీతల మీద పెట్టి చిన్నాయనకు ఇవ్వాలి. ఐదు గీతల రాత నాకు రాదు. ఆ రోజుల్లో కంప్యూటర్ పత్రికతో పాటు ఒక సీడీ ఇచ్చేవాళ్ళు, దాని నిండా ఉచిత సాఫ్ట్‌వేర్లు. ఒకదాని పేరు కింద సంగీతం రాసుకోవచ్చని ఉంది. హార్మోనియంలో ఒక్కో స్థాయికి ఉన్నవి పన్నెండు మెట్లు, ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవీ పన్నెండే, ఇంకేం, పని అయిపోయినట్టే అనుకున్నాను.

స్వరాలతో చిక్కు రాలేదన్నది నిజమే. కింద తెలుగులో సాహిత్యం వేయబోతే చెత్త గుర్తులు వచ్చాయి, సరే, ఇంగ్లీషు అక్షరాల్లో పద్యం కొట్టుకున్నాను. మధ్యలో శృతి మార్చనివ్వలేదు, సరే, శృతి మారిన చోట కొత్త కాగితం మొదలుపెట్టాను. ఒక పేజీ దాటాక సేవ్ చేయమంటే ఒక్కోసారి తనంతట తాను మూసుకుపోయేది, మళ్ళీ మొదటి నుంచి కొట్టేదాన్ని. ఇవన్నీ పడ్డాను. పడలేకపోయింది ఒక్కటే, అది లెక్క. ఆ సాఫ్ట్‌వేర్‌కు ప్రతి గడిలోనూ సరిగ్గా నాలుగు లెక్కలు ఉండి తీరాలి. రెండు లెక్కల స్వరం పెట్టి వదిలేస్తే మిగతా రెండింటినీ తనే శబ్దం ఆపమని చెప్పే విరామం గుర్తులతో నింపేది. తీసేస్తే మళ్ళీ వేసేది. స్వరాన్నే పొడిగిస్తే తర్వాతి గడిలోకి జారి, దాని వెనక ఉన్నవన్నీ జారి, కింది అక్షరాలు ఒకచోటా పైన స్వరాలు ఒకచోటా అయ్యేవి. లెక్క లేని పాట ఒకటి లోకంలో ఉంటుందన్న ఊహే దాన్ని తయారుచేసినవాళ్ళకు ఉన్నట్టు లేదు.

మాఘం నుంచి మామయ్య మా ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున్నే ఆటోలో షాపుకు తీసుకెళ్ళి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టేదాన్ని. బయట మండీల వాళ్ళు చీటీల కోసం తిట్టుకుంటూ నిలబడి ఉంటే, లోపల ఆయన వంకర పోయిన నోటితో రాయబారం పద్యాలు పాడేవాడు, నేను వేలితో ఒక్కొక్క స్వరం నొక్కి సరేనా అని అడిగేదాన్ని. రాసినదాన్ని ఆ కంప్యూటర్ గంటలు కొట్టినట్టు వాయించి చూపేది. మొదటిసారి విన్నప్పుడు మామయ్య ముఖంలో కనిపించిన వెలుగు నాకింకా గుర్తు, తన చెయ్యి దొరికిందనుకున్నాడు పాపం. అంతలోనే విరామం వచ్చింది, శబ్దం తెగింది, మళ్ళీ మొదలైంది. ఆయన నా వైపు తిరిగాడు.

“ఈడ యాల ఊపిరి ఇడిసిపెట్టింది పాపా?”

ఎందుకో నేను చెప్పాను, ప్రతి గడికీ నాలుగే లెక్కలు, అంతకంటే ఎక్కువా తక్కువా ఒప్పుకోదు అని. ఆయన “లెక్క మనిషిని సూసి గదా పెట్టాల” అన్నాడు. కోపంగా అనలేదు. ఆ మాట విని నేను వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాను.

ప్రింటు తీసిన కాగితాల మీద నేను ఒక్కొక్క విరామం గుర్తునూ తెల్ల ఇంకుతో తుడిచేశాను. జిరాక్సు తీయించి, చిన్నాయన వచ్చినప్పుడు దగ్గర కూర్చుని అన్నీ చూపించాను, ఈ ఖాళీలు ఖాళీలు కావు, ముందున్న స్వరాన్ని పట్టుకునే ఉండాలి, ఎంతసేపో పాడే మనిషిని చూసి తెలుసుకోవాలి అని. మామయ్య కూడా తన ఎడమ చెయ్యి ఆడించి చూపించాడు. చిన్నాయన శ్రద్ధగా విన్నాడు, తల ఊపాడు. ఇల్లు చేరి సాధన చేసినన్ని రోజులు అలాగే వాయించాడని కూడా విన్నాను. కానీ ఆర్కెస్ట్రాలో ఎన్నో ఏళ్ళు, విరామం దగ్గర వేలు ఎత్తకపోతే అందరి ముందూ చీవాట్లు తిన్న మనిషి ఆయన. కాగితం మీద గడి సగం ఖాళీగా కనిపిస్తే ఆయన బుర్ర ఊరుకున్నా వేళ్ళు ఊరుకోవు. గుర్తు తుడిచేశాను కానీ గడిని తుడవలేకపోయాను.

ఆ ఏడు రామకుప్పం వైపు ఒక ఊళ్ళో భారతం. దుర్యోధన వధ రోజు పొద్దున్నే కుప్పం నుంచి జీపులో వెళ్ళాం. దారి పొడుగునా రాగి చేలు, మామిడి తోపులు, ఏనుగులు తొక్కిన కంచెలు. మామయ్య ఇంట్లో ఉండనన్నాడు. మెట్లు చిన్నాయన వాయిస్తే తిత్తి తాను ఆడిస్తానని పట్టుబట్టాడు, కాదనడానికి ఎవరికీ మనసు రాలేదు. పొలం గట్టు మీద వేసిన చిన్న పందిరిలో ఇద్దరూ ఒకే పెట్టె ముందు కూర్చున్నారు, చిన్నాయన కుడి చెయ్యి మెట్ల మీద, మామయ్య ఎడమ చెయ్యి తిత్తి మీద, ఎదురుగా రాతి కింద అణిచిపెట్టిన నా కాగితాలు. ఇద్దరు మనుషులు కలిసి ఒక మనిషి అయినట్టు మొదటి పద్యాలు బాగానే నడిచాయి. ఇక భయం లేదనుకుని నేను ఆడవాళ్ళలోకి వెళ్ళి కూర్చున్నాను.

ఎండ బాగా ఎక్కింది. దుర్యోధనుడి వేషగాడు మట్టి విగ్రహం చుట్టూ పరుగెత్తి వచ్చి మైకు ముందు నిలబడి, తొడ చరిచి, తన చివరి పెద్ద పద్యం ఎత్తుకున్నాడు. రెండో పాదం చివర ఎప్పటిలాగే రాగం సాగదీసి, ఎప్పటిలాగే పెట్టెకు తన పాట అప్పజెప్పి, ఊపిరి కోసం నోరు తెరిచాడు. చిన్నాయన చూపు కాగితం మీద ఉంది. గడి ఖాళీ అయింది. ఆయన వేళ్ళు మెట్ల మీద నుంచి లేచాయి.

ఆ మైకు పొలమంతటికీ వినిపించే మైకు. అందులో నుంచి ఇప్పుడు వచ్చింది ఆ ముసలాయన ఎదురొమ్ము కూత. ఈల వేసినట్టు లోపలికి, మూలిగినట్టు బయటికి. కిరీటం, గద, భుజకీర్తులు, అన్నీ ఉన్న దుర్యోధనుడు గాలి కోసం తన్నుకులాడడం ఊరంతా విన్నది. వెనక కుర్రాళ్ళెవరో నవ్వారు, ఇంకెవరో ఆ కూతను అనుకరించారు. ఆయన పద్యం అందుకోబోయాడు, గొంతు రాలేదు.

నేను పందిరి వైపు చూశాను. మామయ్య తిత్తి ఆడిస్తూనే ఉన్నాడు. పెట్టె నిండా గాలి ఉంది, ఒక్క మెట్టు కూడా నొక్కి లేదు. చిన్నాయన లోపల లెక్క పెట్టుకుంటున్నట్టున్నాడు, తల చిన్నగా ఊగుతోంది. మామయ్య ఆయన్ని పిలిచాడో ఏమో, ఆ ముద్దమాట అర్థం కాలేదు. అప్పుడు మామయ్య తిత్తిని వదిలేసి, ఎడమ చేత్తో తన పడిపోయిన కుడి చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని ఎత్తి, మెట్ల మీద పడేశాడు. నాలుగైదు మెట్లు ఒక్కసారిగా అరిచాయి. తిత్తి ఆడించే చెయ్యి లేదు కనుక ఆ అరుపు అలా అలా సన్నబడి, ఆగిపోయింది. మళ్ళీ జనం నవ్వారు, ఈసారి ఎక్కువ మంది.

పద్యాన్ని భీముడి వేషగాడు ఎలాగో అందుకుని పూర్తి చేశాడు, తొడ మీద దెబ్బ పడింది, జనం ఆ విగ్రహం మట్టి పిడికెడు తీసుకుని వెళ్ళిపోయారు. పందిరి వెనక దుర్యోధనుడి వేషగాడు కిరీటం విప్పి మామయ్య పక్కన కూర్చున్నాడు. “నా ఆయాసం ఊరంతా ఇన్నాది అప్పా, ఇంక సాలు” అన్నాడు. ఆ తర్వాత ఆయన మళ్ళీ వేషం కట్టలేదు. చిన్నాయన మాత్రం తన వల్ల ఏం జరిగిందో తెలియని ముఖంతో కాగితాలు సర్దుకుంటున్నాడు. ఆయన మీద నాకు వచ్చిన కోపం నా ముఖంలో కనిపించిందేమో, పుంగనూరు బస్సులో మామయ్య నా చెయ్యి పట్టుకుని, “వాణ్ణేమీ అనొద్దు పాపా. కాయితంలో ఎట్లుండాదో అట్లే వాయించినాడు” అన్నాడు. వానలు మొదలైన కొన్నాళ్ళకే ఆయన పోయాడు. ఆ మధ్యకాలంలో దుప్పటి అంచు ఆడించడం మానేశాడని అత్తమ్మ చెప్పింది.

ఆ తర్వాత మదనపల్లెకు ఇంటర్నెట్ వచ్చింది. గంటకింత అని కట్టి కూర్చునే ఆ కేంద్రాల్లో నేను ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్ళను వెతికి పట్టుకుని, నాకొచ్చిన ఇంగ్లీషులో ఒక పేజీ రాశాను, లెక్క లేని గడి ఒకటి ఇవ్వండి అని. ఎవరో మర్యాదగానే జవాబిచ్చారు, ఆ లోపం తమకు తెలుసని, జీతం లేకుండా తీరిక ఉన్నప్పుడు చేసే పని కనుక సమయం పడుతుందని. వాళ్ళను అని లాభం లేదు. ఒక కొత్త వెర్షన్‌లో విరామం గుర్తును దాచే వీలు వచ్చింది, ఇంకొన్నాళ్ళకు తెలుగు అక్షరాలు వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ డౌన్‌లోడ్ చేసుకున్నాను. పాత ఫైళ్ళను కొత్త వెర్షన్ తెరిచినప్పుడు స్వరాలు ఉన్నాయి కానీ అప్పుడు నేను తంటాలు పడి పెట్టిన పొడుగులన్నీ చెదిరిపోయాయి. తిరిగి సరిచేయాలంటే ఏ స్వరం ఎంతసేపో చెప్పేవాళ్ళు కావాలి. దుర్యోధనుడి వేషగాడు కూడా అప్పటికి పోయాడు, అత్తమ్మా పోయింది.

నా జిరాక్సులు మాత్రం పోలేదు. చిన్నాయన మంచి గురువు, పోయేదాకా కుప్పం చుట్టుపక్కల ఎంతోమందికి పెట్టె నేర్పాడు, ఆ కాగితాల మీదే నేర్పాడు. చాలా ఏళ్ళ తర్వాత, ఇప్పటికి రెండేళ్ళ కిందట, ఆ వైపే ఒక ఊళ్ళో భారతం చూడడానికి వెళ్ళాను. దుర్యోధనుడు ఒక కుర్రాడు, ఊపిరితిత్తులు ఉక్కులాంటివి. ఆ పద్యమే వచ్చింది. రెండో పాదం చివర పెట్టె ఆగింది. కుర్రాడు తడబడలేదు, ఆ నిశ్శబ్దంలో మీసం దువ్వి, గద భుజానికి ఎత్తి, ఠీవిగా నిలబడ్డాడు. జనం ఈలలు వేశారు, ఆ ఘట్టం కోసమే వచ్చినట్టు. నా పక్కన కూర్చున్న పెద్దాయన నేను కొత్తదాన్ననుకుని వివరం చెప్పాడు. “ఈడ పెట్టె ఆపాల తల్లీ. అది పుంగనూరాయన పద్ధతి. ఆ కాలంలో ఆయన అట్లే ఆపేవాడంట.”

లెక్క లేని పాటలూ పోయాయి, ఎదురొమ్ము చూసి వాయించేవాళ్ళూ పోయారు, ఇప్పుడు అందరి ముందూ కాగితం ఉంది, కాగితంలో ఉన్నదే సంప్రదాయం. బతికినన్నాళ్ళూ మా మామయ్య దేన్ని తెగనివ్వకుండా కాపాడాడో, దాన్నే ఆయన పేరు చెప్పుకుని తెంపుతున్నారు, పైగా భక్తిగా తెంపుతున్నారు. ఆ శబ్దం ఎప్పుడూ ఆగలేదని తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను. నాతో అదీ పోతుంది.